టైప్ 1 షుగర్‌కు నాచు జెల్ గోళాల వైద్యం నిజమేనా? పొలం అమ్మి చేయించాలా?

దేవరకొండ వైపు నుంచి ఒక పత్తి రైతు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ పాపకు పదకొండేళ్ళు. రెండేళ్ళ కింద టైప్ 1 షుగర్ అని తేలింది, రోజుకు నాలుగు సూదులు. సముద్రపు నాచు జెల్‌తో చేసిన చిన్న గోళాల్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలు పెట్టి ఒంట్లో వేస్తే ఇమ్యూనిటీ వాటిని ముట్టుకోదని, ఇక సూదులే అక్కర్లేదని ఒక వీడియోలో చూశారు. పట్నంలో ఒక సెంటర్ వాళ్ళు "మాదీ అదే టెక్నాలజీ" అంటూ స్టెమ్ సెల్స్ (వేరే రకాల కణాలుగా మారగల మూల కణాలు) ఎక్కించడానికి లక్షల్లో అడుగుతున్నారు. ఎకరం అమ్మి చేయించాలా, ఇంకొన్నేళ్ళు ఆగాలా అని ఆయన అడుగుతున్నారు.

అన్నా, ముందు జవాబు చెప్తాను, కారణాలు తర్వాత. పొలం అమ్మకండి. ఆ మాటలు నమ్మి పాపకు ఇన్సులిన్ ఒక్క యూనిట్ కూడా తగ్గించకండి. వీడియోలో చూపించిన సైన్స్ నిజమే. దాని మీద నలభై ఏళ్ళకు పైగా పని జరుగుతోంది. కానీ జెల్ గోళాల్లో కణాలు పెట్టి, ఇమ్యూనిటీని తగ్గించే మందులు లేకుండా టైప్ 1 షుగర్‌ను నయం చేసే వైద్యం ఇవాళ ప్రపంచంలో ఏ దవాఖానలోనూ మామూలుగా దొరకదు. పట్నం సెంటర్ వాళ్ళు అమ్ముతున్నది వేరే సరుకు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నాది నకిరేకల్ దగ్గర పల్లె. నేను పనిచేసేది బయోమెటీరియల్స్‌లో. ఒంట్లో పెట్టే పదార్థాన్ని చూసి ఇమ్యూనిటీ ఏం చేస్తుంది, దాన్ని మనకు కావలసిన వైపు ఎలా తిప్పాలి అన్నది మా రంగం. ఆల్జినేట్ గోళాలతో చాలాకాలం పనిచేశాను. నేను షుగర్ డాక్టర్‌ను కాదు కాబట్టి పాప డోసుల విషయంలో మీ డాక్టర్ మాటే వినండి.

దాడి రెండు వైపుల నుంచి

పాంక్రియాస్‌లో, అంటే క్లోమంలో, ఐలెట్స్ అని చిన్న చిన్న కణాల గుంపులు ఉంటాయి. వాటిలోని బీటా కణాలు ఇన్సులిన్ చేస్తాయి. టైప్ 1లో పాప సొంత ఇమ్యూనిటీ, ముఖ్యంగా టి కణాలు, ఈ బీటా కణాలను చంపేశాయి. ఇది మీరు పెట్టిన తిండి వల్ల, తీపి వల్ల వచ్చింది కాదు. ఆ టెన్షన్ మనసులో ఉంటే తీసేయండి.

ఇప్పుడు బయటి నుంచి కొత్త బీటా కణాలు తెచ్చి పెట్టామనుకోండి. అవి వేరే మనిషివి కాబట్టి ఒక దాడి జరుగుతుంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు జీవితాంతం మందులు మింగేది ఈ దాడిని ఆపడానికే. పైగా అవి బీటా కణాలు. వాటిని ఒకసారి చంపిన టి కణాలు ఇంకా ఒంట్లోనే ఉన్నాయి, కాబట్టి రెండో దాడి కూడా తప్పదు. పాప ఒంట్లోంచే కణాలు తీసి బీటా కణాలుగా మార్చి పెట్టినా మొదటిదే తప్పుతుంది, రెండోది తప్పదు.

అందుకే గోళం ఆలోచన వచ్చింది. ఆల్జినేట్ అంటే గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే జిగురు. పళ్ళ డాక్టర్ దవడ కొలత తీయడానికి నోట్లో పెట్టే ముద్దలో ఉండేది కూడా ఇదే. ఈ జిగురులో కణాలు కలిపి కాల్షియం కలిపిన నీళ్ళలో చుక్కలుగా వదిలితే ప్రతి చుక్కా మెత్తని గోళంగా గట్టిపడుతుంది. దాని సన్నని రంధ్రాల గుండా ఆక్సిజన్, గ్లూకోజ్ లోపలికి పోతాయి, ఇన్సులిన్ బయటికి వస్తుంది. టి కణం మాత్రం దూరలేదు. 1980లో లిమ్, సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఇది పనిచేస్తుందని చూపించారు.

మరి ఇన్నేళ్ళయినా మనుషులకు వైద్యంగా ఎందుకు రాలేదు?

గోళాన్నే ఒళ్ళు పరాయిదిగా చూస్తుంది

చేనులో తుమ్మముల్లు పాదంలో విరిగి లోపలే ఉండిపోతే కొన్నాళ్ళకు దాని చుట్టూ గట్టిగా కాయ కట్టడం మీకు తెలుసు. ఒళ్ళు ఆ ముల్లును కరిగించలేదు, బయటికి నెట్టలేదు, అందుకని చుట్టూ గోడ కట్టేస్తుంది. జెల్ గోళం విషయంలోనూ సరిగ్గా అదే జరుగుతుంది.

గోళం లోపలికి వెళ్ళిన నిమిషాల్లోనే ఒంట్లోని ప్రొటీన్లు దాని మీద పొరగా అంటుకుంటాయి. ఆ పొరను గుర్తుపట్టి ముందు న్యూట్రోఫిల్స్ వస్తాయి, వాటి వెనక మాక్రోఫేజ్‌లు. రెండూ ఇమ్యూనిటీ కణాలే. మాక్రోఫేజ్ పని పరాయిదాన్ని మింగి అరిగించుకోవడం. గోళమేమో దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. మింగలేక, పక్కనున్న మాక్రోఫేజ్‌లతో కలిసిపోయి ఒకే పెద్ద కణంగా మారి గోళాన్ని పట్టుకుని కూర్చుంటుంది. అక్కడి నుంచి వెళ్ళే సంకేతాలకు ఫైబ్రోబ్లాస్ట్‌లు వచ్చి కొల్లాజెన్ పీచు అల్లుతాయి. కొన్ని వారాలకు గోళం చుట్టూ గట్టి పొర తయారవుతుంది. టి కణం లోపలికి రాలేకపోయినా లోపలి కణాలు ఆక్సిజన్ అందక చచ్చిపోతాయి.

ల్యాబ్‌లో ఎలుక పొట్ట తెరిచినప్పుడు ఇదంతా కంటికే కనిపిస్తుంది. బాగున్న గోళాలు సెలైన్‌తో కడిగితే విడివిడిగా, లోపలి కణాలు కనిపించేంత తేటగా బయటికి వస్తాయి. పీచు పట్టినవి తెల్లబడి, ఒకదానికొకటి అతుక్కుని, కొవ్వును పట్టుకుని ఉంటాయి. లాగితే కొవ్వుతో సహా ఊడి వస్తాయి. నాచు నుంచి తీసిన జిగురులో బాక్టీరియా విషం, అంటే ఎండోటాక్సిన్, కొద్దిగా మిగిలిపోయినా ఆ బ్యాచ్ మొత్తం పాడవుతుంది. శుద్ధి చేయడంలో తేడా వస్తే కణాలు ఎంత మంచివైనా లాభం లేదు. ఎలుక రకాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. ఒక రకం ఎలుకలో పీచు దట్టంగా కట్టే గోళం ఇంకో రకంలో శుభ్రంగా ఉంటుంది. అందుకే ఒక్క రకం ఎలుకలో వచ్చిన ఫలితాన్ని చూసి "మందు దొరికింది" అని రాసే వార్తలను నేను నమ్మను, మీరూ నమ్మొద్దు.

ఇమ్యూనిటీని మలిచే పదార్థాలు

మా రంగం మలుపు తిరిగింది ఇక్కడే. గోళం గోడలా అడ్డు నిలబడితే చాలదు, దాన్ని చూసిన మాక్రోఫేజ్ శాంతించేలా చేయాలి. అమెరికాలోని ఎంఐటీ అనే యూనివర్సిటీలో రాబర్ట్ లాంగర్, డేనియల్ ఆండర్సన్, ఒమిద్ వైసే బృందం 2015లో చూపించిన విషయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అర మిల్లీమీటర్ గోళం చుట్టూ దట్టంగా పీచు కడితే, అదే పదార్థంతో చేసిన ఒకటిన్నర మిల్లీమీటర్ గోళాన్ని ఒళ్ళు చాలా తక్కువగా పట్టించుకుంది. ఆకారం, సైజు కూడా ఇమ్యూనిటీకి సంకేతాలే అన్నమాట. 2016లో అదే బృందం వందల రకాల మార్పులు చేసిన ఆల్జినేట్లను పరీక్షించి, పీచు బాగా తక్కువ కట్టే కొన్నింటిని పట్టుకుంది. కోతుల్లో అవి ఆరు నెలల దాకా శుభ్రంగా ఉన్నాయి. వాటిలో ఒక రకం గోళాల్లో మనిషి స్టెమ్ సెల్స్ నుంచి చేసిన బీటా కణాలు పెడితే, షుగర్ ఉన్న ఎలుకల్లో 174 రోజులు షుగర్ అదుపులో ఉంది. మీ వీడియోలోని బొమ్మలు బహుశా ఆ పని నుంచి తీసినవే.

కానీ అక్కడే ఒక చిక్కుంది. రక్తనాళానికి ఒకటి రెండు వందల మైక్రాన్లకన్నా (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దూరంగా ఉన్న కణానికి ఆక్సిజన్ సరిగా అందదు. గోళం పెద్దదైతే మాక్రోఫేజ్ ఊరుకుంటుంది, నడిమధ్య ఉన్న బీటా కణానికి మాత్రం ఊపిరి ఆడదు. చిన్నదైతే కణానికి సుఖం, మాక్రోఫేజ్‌కు కోపం. ఎలుక చిన్న జీవి, దానికి కొన్ని కణాలు చాలు. పదకొండేళ్ళ పాపకు కొన్ని లక్షల ఐలెట్స్ కావాలి. అన్ని గోళాలు ఎక్కడ పెట్టాలి, పాడైతే ఎలా బయటికి తీయాలి? ఈ ప్రశ్నలకు ఇంకా పూర్తి జవాబు లేదు.

మనుషుల్లో ఏం జరిగిందో కూడా వినండి. ఎంఐటీ పని నుంచి పుట్టిన సిజిలాన్ అనే కంపెనీ ఇలాంటి గోళాలతో హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగుల్లో ట్రయల్ మొదలుపెట్టింది. 2021లో ఆ ట్రయల్ ఆగిపోయింది. ఒక రోగి పొట్టలో చూస్తే గోళాల చుట్టూ పీచు కట్టి ఉంది, లోపలి కణాలు బతికి లేవు. కోతిలో ఆరు నెలలు నిలబడింది మనిషిలో నిలబడలేదు. షుగర్ విషయంలో వెర్టెక్స్ అనే కంపెనీ కణాలను చిన్న పరికరంలో పెట్టి, ఇమ్యూనిటీ మందులు లేకుండా ప్రయత్నించింది. సరిపడా ఇన్సులిన్ రాలేదని 2025 మార్చిలో దాన్ని ఆపేసింది.

అదే కంపెనీ పరికరం లేకుండా కణాలను నేరుగా కాలేయానికి వెళ్ళే రక్తనాళంలోకి ఎక్కించిన ట్రయల్ మాత్రం బాగా పనిచేసింది. పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారని 2025లో ప్రచురించారు. ఇది చాలా పెద్ద విజయం. కానీ వాళ్ళంతా పెద్దవాళ్ళు, షుగర్ హఠాత్తుగా పడిపోయి ప్రాణం మీదికి వచ్చే రకం. వాళ్ళు ఇమ్యూనిటీ తగ్గించే మందులు మింగుతూనే ఉండాలి. ఆ ట్రయల్‌లో ఒకరు మెదడు పొరలకు సోకిన ఫంగస్ ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయారు. ఎదిగే పిల్లకు, సూదులతో షుగర్ అదుపులో ఉండగా, ఆ మందులు మొదలుపెట్టడం నా దృష్టిలో ఇవాళ సరైన బేరం కాదు.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఇంకో దారి మీద. కణాలను పూర్తిగా మూసేయకుండా, వాటి పక్కనే ఫాస్ లిగాండ్ అనే ప్రొటీన్ అతికించిన జెల్ రేణువులు పెడతారు. దాడికి వచ్చిన టి కణం ఆ ప్రొటీన్‌ను తాకగానే తనంతట తాను చచ్చిపోతుంది. మిగతా ఒంట్లో ఇమ్యూనిటీ ఎప్పటిలాగే ఉంటుంది. 2018లో ఎలుకల్లో, 2022లో కోతుల్లో ఇది పనిచేసింది. కోతులకు రాపమైసిన్ అనే మందు మూడు నెలలే ఇచ్చి ఆపేసినా కణాలు ఆరు నెలల దాకా పనిచేశాయి. ఒంటి మొత్తాన్ని అణచకుండా, ఆ ఒక్క చోట ఒప్పందం కుదర్చడం. మా రంగం చేరవలసింది అక్కడికే అని నేను నమ్ముతున్నాను.

ఈ పద్ధతి ఇప్పటికే మన ఒళ్ళలో ఉంది

ఇదంతా ఎప్పటికో వచ్చే కథ అనుకోకండి. పాపకు ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో తొడకు వేసిన పెంటావాలెంట్ టీకాలో అల్యూమినియం ఉప్పు ఉంది. సూది వేసిన చోట గడ్డలా కట్టి ఒకటి రెండు రోజులు ఏడ్చి ఉంటుంది. ఆ ఉప్పు ఇమ్యూనిటీని అక్కడికి పిలిచి, టీకాను గట్టిగా గుర్తుపెట్టుకునేలా చేస్తుంది. ఈ గుణాన్ని 1926లోనే కనిపెట్టారు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌లో అదే రకం ఉప్పుకు ఇమ్యూనిటీని ఇంకాస్త తట్టిలేపే అణువును అతికించారు. ఇక్కడ పదార్థం ఇమ్యూనిటీని లేపుతుంది, షుగర్‌లో మనకు కావలసింది దాన్ని నిద్రపుచ్చేది. సాధారణంగా లేపడం తేలిక, నిద్రపుచ్చడం కష్టం.

నిద్రపుచ్చేవీ లేకపోలేదు. గుండెకు స్టెంట్ వేసుకున్నవాళ్ళు మీ ఊళ్ళో ఒకరిద్దరైనా ఉంటారు. చాలా స్టెంట్ల పూతలో ఉండేది సిరోలిమస్. పైన చెప్పిన రాపమైసిన్‌కే ఇంకో పేరు అది. కిడ్నీ మార్పిడిలో మాత్రగా వాడే మందు ఇక్కడ ఆ ఒక్క రక్తనాళం గోడలోనే పనిచేస్తుంది. పేస్‌మేకర్ తీగ కొసన కొద్దిగా స్టెరాయిడ్ పెడతారు, గుండె కండ దాని చుట్టూ పీచు కట్టకుండా. చర్మం కింద పెట్టే ఎవర్సెన్స్ అనే షుగర్ సెన్సర్‌కు కూడా స్టెరాయిడ్ వదిలే ఉంగరం ఉంటుంది. చర్మానికి అతికించే మామూలు సెన్సర్ పది, పదిహేను రోజులకు మార్చాలి. ఎవర్సెన్స్ మాత్రం అమెరికాలో 2024లో ఏడాది వాడకానికి అనుమతి తెచ్చుకుంది. టైప్ 1 పిల్లలకు ఈ రంగం నుంచి ముందుగా అందే మేలు నయం చేసే గోళంకన్నా ఇలాంటి ఎక్కువకాలం నిలిచే సెన్సర్లే కావచ్చు.

ఇక ఆ సెంటర్ సంగతి

ఇలాంటి చోట్ల సాధారణంగా చేసేది ఇది: పొట్ట కొవ్వు నుంచో ఎముక మూలుగ నుంచో కొన్ని కణాలు తీసి, శుభ్రం చేసి, తిరిగి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అందులో జెల్ లేదు, గోళం లేదు, బీటా కణమూ లేదు. అలా ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం ముందు ఊపిరితిత్తుల్లో చిక్కుకుని కొద్ది రోజుల్లో మాయమవుతాయి. "మాదీ అదే టెక్నాలజీ" అనడం మోసం.

"మరి కొందరికి ఇన్సులిన్ తగ్గిందట కదా" అంటారు. టైప్ 1 బయటపడి ఇన్సులిన్ మొదలైన తొలి నెలల్లో మిగిలిన బీటా కణాలు కాస్త కోలుకుని, అవసరం తాత్కాలికంగా తగ్గుతుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. కల్వకుర్తి వైపు ఒక కుటుంబం నాకు తెలుసు. అబ్బాయికి షుగర్ అని తెలిసిన రెండు నెలలకే అప్పు చేసి కణాలు ఎక్కించారు. డోసు సగమైంది, ఇంట్లో పండగ చేశారు. ఏడాది తిరక్కుండానే డోసు పాత చోటికి వచ్చింది. అప్పు మాత్రం మిగిలింది. కణాలు ఎక్కించకపోయినా ఆ అబ్బాయికి డోసు అలాగే తగ్గి, అలాగే పెరిగి ఉండేదని నా గట్టి నమ్మకం. మీ పాపకు రెండేళ్ళు దాటాయి కాబట్టి ఆ దశ బహుశా అయిపోయింది. సొంత ఇన్సులిన్ ఎంత మిగిలిందో తెలియాలంటే సి-పెప్టైడ్ అనే రక్తపరీక్ష ఉంది, మీ డాక్టర్‌ను అడగండి.

చట్టం కూడా మీ వైపే ఉంది. 2017 జాతీయ స్టెమ్ సెల్ మార్గదర్శకాల ప్రకారం రక్తసంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా అనుమతి ఉన్న ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్ అయితే రోగి దగ్గర పైసలు తీసుకోకూడదు. ట్రయల్ కాదంటే అసలు చేయకూడదు. ఈ రెండు మాటలు వాళ్ళ ముందు పెట్టండి. ట్రయల్ అంటే సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వమనండి, 2009 నుంచి అది తప్పనిసరి. ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో రాసిన సమాచార పత్రం, పాపకు ఏమైనా అయితే నష్టపరిహారం ఎవరిస్తారు అన్నవి కూడా అడగండి. "అవన్నీ తర్వాత చూద్దాం, ముందు అడ్వాన్స్ కట్టండి" అంటే లేచి వచ్చేయండి.

ఈలోగా

ఆ పైసల్లో కొద్ది భాగం గ్లూకోమీటర్ స్ట్రిప్పులకు, వీలైతే అప్పుడప్పుడూ ఒక సెన్సర్‌కు ఖర్చుపెడితే పాప కళ్ళు, కిడ్నీలు కాపాడినవాళ్ళవుతారు. షుగర్ అదుపులో ఉంచుకున్న పిల్లలకే రేపు ఏ కొత్త వైద్యం వచ్చినా చేయించుకోవడానికి ఒళ్ళు సహకరిస్తుంది. నిలోఫర్, ఉస్మానియా, నిమ్స్, బీబీనగర్ ఎయిమ్స్ లాంటి పెద్ద ప్రభుత్వ దవాఖానల్లో ఒకచోట క్రమంగా చూపించండి.

మన దగ్గర ఏప్రిల్, మే ఎండలు మీకు తెలియనివి కావు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు, కాబట్టి ఫ్రీజర్‌లో పెట్టకండి. కరెంటు నమ్మకం లేకపోతే వాడుతున్న సీసాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టి కుండలో నీడన ఉంచండి. బండి డిక్కీలో పెట్టి చేనుకు తీసుకుపోకండి. వాంతులు, కడుపునొప్పి, గట్టిగా ఎగశ్వాస వస్తే అజీర్తి అనుకుని దగ్గర్లో సెలైన్ పెట్టించి టైమ్ పోగొట్టుకోవద్దు. ముందు షుగర్ చూసి, వెంటనే పెద్ద దవాఖానకు పోండి.

ఎన్నేళ్ళు ఆగాలి అన్నదానికి సంవత్సరం చెప్పి మీకు ఆశ పెట్టలేను. ఏం చూడాలో చెప్పగలను. ఇమ్యూనిటీ మందులు లేకుండా మనుషుల్లో ఏడాది పాటు కణాలు బతికాయన్న ఫలితం రావాలి, అది ఒక్క రోగిలో కాకుండా పదుల మందిలో రావాలి. తర్వాత పిల్లల్లో ట్రయల్ మొదలవ్వాలి. ఆ తర్వాత మన దేశంలో అలాంటి ట్రయల్ సీటీఆర్ఐలో కనిపించాలి. పిల్లల ట్రయల్, మన దేశపు ట్రయల్ దాకా వచ్చినప్పుడు పొలం అమ్మే పని ఉండదు, ఖర్చు ట్రయల్ చేసేవాళ్ళదే.

సెంటర్ వాళ్ళు మీకు ఇచ్చిన కాగితాలు ఏవైనా ఉంటే పాప పేరు, మీ ఫోన్ నంబరు కొట్టేసి ఇక్కడ పెట్టండి. వాటిలో ఏ కణాలు, ఏ అనుమతి అని రాశారో చదివి చెప్తాను.